లిస్బన్ నుంచి హెల్సింకికి

లిస్బన్‌లో విమానం ఎక్కుతూ పృథ్వీ ఫోన్ చేసినప్పుడు టాంపినీస్‌లో వాళ్ల ఫ్లాట్ మీద ఎండ ఇంకా తగ్గలేదు. "ఎక్కేశాను భువనా. హెల్సింకిలో దిగాక మాట్లాడతా," అన్నాడు. బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని మీద వారంగా యూరప్‌లో తిరుగుతున్నాడు.

గంటన్నర తరవాత, భువన పప్పుకు తాలింపు వేస్తుండగా మళ్లీ ఫోను. నంబరు కొత్తది. గొంతు మాత్రం అతనిదే.

"దిగిపోయాను. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు, పక్కాయన ఫోన్‌లోంచి చేస్తున్నా. ఆఫీసు కుర్రాడొకడు వస్తాడు. బీరువాలో ఉన్న బ్యాంకు ల్యాప్‌టాప్ ఇచ్చెయ్. అర్జెంటు."

"సరేనండీ. అక్కడ చలిగా ఉందా?"

"బాగా ఉంది. పెట్టేస్తున్నా."

భువన స్టవ్ కట్టేసి, ల్యాప్‌టాప్ తెచ్చి సోఫా మీద పెట్టింది. హాల్లో చదువుకుంటున్న కూతురు కావ్యశ్రీ తలెత్తింది.

"ఎవరమ్మా ఫోన్‌లో?"

"నాన్న. హెల్సింకిలో దిగారట."

"ఆల్రెడీ? కాంట్ బీ లా, అయ్యుండదు!" ఆ పిల్ల ఫోన్‌లో వెతికి తల్లికి చూపించింది. "త్రీ థౌజండ్ కిలోమీటర్స్ పైనే అమ్మా. ఫోర్ అండ్ హాఫ్ అవర్స్ ఫ్లైట్. నాన్న ఇంకా గాల్లోనే ఉన్నారు."

యూరప్‌లో ఊళ్లన్నీ పక్కపక్కనే అనుకునేది భువన, ఇక్కడి నుంచి కౌలాలంపూర్ వెళ్లినట్టు. సగం దూరం కూడా దాటని మనిషి దిగానని ఎలా చెబుతాడు? భర్త నంబరుకు చేసింది. స్విచాఫ్. కొత్త నంబరుకు చేసింది. కలవలేదు.

బెల్ మోగింది.

గాలి కోసం చెక్క తలుపు తీసే ఉంది. ఇనుప గేటుకు మాత్రం తాళం. గేటవతల టక్ చేసుకున్న యువకుడు నవ్వుతూ నిలబడ్డాడు. భువన అతన్ని ఎన్నడూ చూడలేదు.

"నమస్తే అక్కా. పృథ్వీ గారు చెప్పారు కదా."

"మీ పేరేంటి?"

"కింద టాక్సీ ఆగుంది అక్కా, ఇచ్చేయండి." అతని చూపు ఆమెను దాటి సోఫా మీదికి పోయింది. చెయ్యి గేటు కమ్మీని పట్టుకుంది.

"అమ్మా, పోలీసులు లైన్లో ఉన్నారు!" వెనకనుంచి కావ్య గట్టిగా అరిచింది.

అతని నవ్వు చెరగలేదు. "కావ్య చాలా తెలివైనది," అని, తొందర లేకుండా లిఫ్ట్ వైపు నడిచాడు.

పోలీసులు వచ్చి వివరాలు రాసుకున్నారు. గొంతును కంప్యూటర్‌తో అచ్చుగుద్దినట్టు తయారు చేస్తున్నారనీ, ఎవరికీ తలుపు తీయొద్దనీ చెప్పి వెళ్లారు.

చీకటి పడ్డాక పృథ్వీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "దిగాను భువనా." అదే గొంతు. ఆమె ఫోన్ చెవికి అదుముకుని ఆ గొంతునే వింది.

"హలో? వినబడుతోందా?"

"మీరు బయల్దేరేముందు మనం దేని గురించి పోట్లాడుకున్నాం?"

"ఇప్పుడదెందుకే? కావ్య డాన్స్ క్లాస్ మాన్పించడం గురించి."

భువన ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

"నిన్ననే టికెట్ మార్చుకున్నా. ఈ విమానం ఎక్కుతున్నట్టు ఇంకొక్కడికే తెలుసు. వెంకటరాజుకి."

వెంకటరాజు అతని టీమ్‌లోవాడే, ఎదురు బ్లాక్‌లో ఉంటాడు. ఆదివారాలు భువన వాళ్లింట్లోనే భోంచేస్తాడు.

పృథ్వీ ఇంకా లైన్‌లో ఉండగానే వెంకటరాజు నుంచి మెసేజ్ వచ్చింది. "పోలీసులొచ్చారట, భయపడ్డారా అక్కా? నేను పైకి వస్తున్నా."

భువన చెక్క తలుపు మూసి గడియ పెట్టింది. పృథ్వీని ఆగమని, కావ్య చేతిలోని ఫోన్ తీసుకుని పోలీసులకు కలిపింది. అవతల రింగవుతుండగానే వరండాలో లిఫ్ట్ తెరుచుకున్న శబ్దం వినిపించింది.