బొట్టు పెట్టుకున్న ఫిర్యాదుల పెట్టె

నేను ఒక రేకు పెట్టెను. గాజువాక ఆటోనగర్‌లో ఒక వెల్డరు చేతుల్లో పుట్టాను. నుదుట సన్నటి గాడి, పొట్టకు తాళం, ఒంటికి నీలం రంగు. "లంచం అడిగినా, ఇచ్చినా, చూసినా ఇక్కడ రాసి వేయండి. పేరు అక్కర్లేదు" అని నా మీద తెల్ల అక్షరాలు రాశారు. అబ్బో, ఇంత పెద్ద పనికా నేను పుట్టింది అని మురిసిపోయాను.

అనకాపల్లి అవతల ఒక విదేశీ కంపెనీ వారి మందుల ఫ్యాక్టరీలో నన్ను గేటు పక్క గోడకు బిగించారు. ఎక్కడనుకున్నారు? సరిగ్గా సీసీ కెమెరా కింద! ఇక ఎవరొస్తారు చెప్పండి? తాళం చెవి హైదరాబాద్ ఆఫీసులో హైమవతి గారి దగ్గర ఉండేది. కంపెనీలో లంచాలు లేకుండా చూడడమే ఆవిడ ఉద్యోగం. మూడు నెలలకోసారి వచ్చి తాళం తీసేవారు. లోపల సాలీడు తప్ప ఏమీ ఉండేది కాదు. "ఈసారీ ఏమీ లేదా!" అని నిట్టూర్చి వెళ్ళిపోయేవారు. ఆవిడ కంటే నాకే ఎక్కువ సిగ్గేసేది. ఒక్క కాగితం, ఒక్కటంటే ఒక్కటి పడితే చాలునని రెండేళ్ళు నోరు తెరుచుకొని కూర్చున్నాను.

నన్ను పలకరించేది ఒక్క నూకరత్నమే. ఆఫీసు గదులు ఊడ్చే కాంట్రాక్టు మనిషి. రోజూ నా మీద దుమ్ము తుడుస్తూ, "ఏటే, ఇయ్యాలైనా ఎవులైనా ఏసినారా?" అనేది. ఆ తడిగుడ్డ కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు వాచ్‌మన్ సన్నిబాబు లారీలకూ మోటార్లకూ మంటలార్పే సిలిండర్లకూ బొట్లు పెట్టుకుంటూ వచ్చి, చేతిలో మిగిలిన పసుపు కుంకుమ నాకు పూసేశాడు. "ఇదీ పనిముట్టే గదా" అని ఓ బంతిపూల దండ కూడా వేశాడు. అంతే! మర్నాడు డ్యూటీకొస్తున్నవాడొకడు అలవాటుగా కళ్ళకద్దుకొని రూపాయి బిళ్ళ వేశాడు. వెనకవాడు ఊరుకుంటాడా? వారం తిరక్కుండా నేను హుండీనైపోయాను. ప్రమోషన్ రావాలని చీటీలు, పెళ్ళి కుదరాలని చీటీలు. లంచాలు వద్దని చెప్పడానికి నన్ను పెడితే నాకే లంచాలు! ఫ్యాక్టరీ మేనేజరు చక్రపాణి గారు సైతం అటూ ఇటూ చూసి ఓ చీటీ పడేశారు: "ఈ తనిఖీ గట్టెక్కించు తల్లీ." నవ్వొచ్చింది. కానీ లోపల దిగులు మాత్రం పోలేదు. నేను కోరుకున్న కాగితం ఇది కాదు.

తనిఖీ ఎలా గట్టెక్కిందో నూకరత్నం కళ్ళారా చూసింది. ఆమె మీటింగు గది తుడుస్తుండగానే, భద్రత చూడడానికి బయటినుంచి వచ్చిన తనిఖీదారు చేతిలో చక్రపాణి గారు ఒక బరువైన కవరు పెట్టారు. ఆ తనిఖీదారు కుర్చీలోంచి లేవకుండానే, మంటంటుకునే రసాయనాలుండే సాల్వెంట్ షెడ్డులో అలారం బాగుందని సంతకం పెట్టేశాడు. గ్యాసు లీకైతే మోగాల్సిన ఆ అలారం మూగబోయి ఆరు నెలలైంది. ఆమె మొగుడు దేముడు పనిచేసేది ఆ షెడ్డులోనే.

మూడు రోజులు నా ముందుకొచ్చి, కెమెరా వంక చూసి వెనక్కెళ్ళింది. చెబితే మొగుడూ పెళ్ళాల ఉద్యోగాలు రెండూ పోతాయి. చెప్పకపోతే మొగుడే పోవచ్చు. నాలుగో రోజు ఒక మందారపువ్వుతో పాటు మడిచిన కాగితం నాలో వేసి, కళ్ళు మూసుకొని దండం పెట్టింది. కాగితం కింద పేరు లేదు. కెమెరాకేం తెలుసు, అదీ మొక్కే అనుకుంది.

నా జన్మకు అసలైన కాగితం! అయితే ఆ సంబరం ఆ పూటకే. హైమవతి గారు రావడానికి ఇంకా నలభై రోజులుంది. దేముడు రోజూ నా ముందునుంచే షెడ్డుకు వెళ్ళేవాడు. నాకు నోరుంది గానీ మాట లేదే! ఆగవయ్యా అని అరవాలని ఎంత తపించిపోయానో. నూకరత్నం ఇప్పుడు నన్నేమీ అడిగేది కాదు, తుడుస్తూ తుడుస్తూ చెయ్యి నా మీదే ఉంచేసేది. హైమమ్మా, రా తల్లీ, తొందరగా రా అని రోజూ మనసులో పిలిచాను. అందరూ నాకు మొక్కుతుంటే నేను ఆవిడకు మొక్కాను.

వచ్చారు. తాళం తీయగానే బిళ్ళలూ ఎండుపూలూ చీటీలూ బొలబొలా రాలాయి.

"ఇదేమిటి సన్నిబాబూ, హుండీ చేసేశారా?"

"ఏటి సేత్తామమ్మా, బొట్టెడితే జనం మొక్కేసినారు. నా తప్పేటుంది?"

ఆవిడ నవ్వుకుంటూ ఒక్కో చీటీ విప్పారు. ఒక కాగితం దగ్గర నవ్వు ఆగిపోయింది. దాన్ని సంచిలో పెట్టుకొని, నేరుగా షెడ్డు వైపు నడిచారు.

ఆ సాయంత్రమే షెడ్డు మూయించారు. కొత్త అలారం వచ్చాకే తెరిచారు. రాసింది ఎవరో పట్టుకోవాలని చక్రపాణి గారు కెమెరా రికార్డులన్నీ తిప్పించారు. చూస్తే ఏముంది? ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా నా ముందు కళ్ళు మూసుకొని నిలబడి ఉంది, ఆయనతో సహా! నెల తిరక్కుండా ఆయన ఉద్యోగం ఊడింది. ఉగాది వెళ్ళిన వారానికి, పట్టపగలు ఆ అలారం మోగింది. షెడ్డులోంచి పదకొండు మంది బయటికి పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో దేముడు ఉన్నాడు.

మరి నాకు జరిగిన సన్మానం వినండి. విదేశంలోని పెద్ద ఆఫీసువారు నా బొట్టూ దండా ఫొటోలో చూసి, ఇది పద్ధతి కాదని నన్ను పీకించారు. నా చోట ఒక గళ్ళ బొమ్మ అంటించారు. దానికి ఫోన్ చూపిస్తే ఫిర్యాదు వెళ్తుందట. పేరు అక్కర్లేదట గానీ ఫోన్ నంబరు మాత్రం ఇవ్వాలట! నేను గోడౌను వెనక తుక్కులో పడ్డాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. వానకు తుప్పు పట్టింది. తడిగుడ్డ కోసం ఒళ్ళంతా ఎదురుచూసింది.

మొన్న మధ్యాహ్నం చీపురు చప్పుడు వినిపించింది. "ఓలమ్మో, నువ్విక్కడున్నావేటే!" అని నూకరత్నం కొంగుతో నా మొహం తుడిచింది. నేను మనిషినైతే ఏడ్చేసేదాన్ని. నిన్న మళ్ళీ వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు, పైన కెమెరా లేదు. మడిచిన కాగితం నాలో వేసి, ఈసారి కళ్ళు తెరిచే దండం పెట్టింది.

నాలో పడిన కాగితం నాకు తెలియదా? "తాళం తీసే అమ్మగారికి. మా ఆయన బతికున్నాడు. ఆ ఉత్తరం రాసింది నేనే. నూకరత్నం."

తాళం చెవి ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది. తుక్కు లారీ సోమవారం వస్తుందని సన్నిబాబు ఎవరితోనో అంటుంటే విన్నాను. హైమమ్మా, ఆలోగా ఒక్కసారి వచ్చిపో తల్లీ. ఈసారి లోపల కాగితం ఉంది. కింద పేరు కూడా ఉంది.