స్పీడు టెస్టు మీద కాలి బొటనవేలు

నేను ఒక రౌటర్‌ని. ఇళ్ళల్లో మూలన కూర్చుని మిణుకుమిణుకుమనే పిల్ల రౌటర్‌ని కాదు. చిలకలూరిపేటలో కోటిలింగం కేబుల్ ఆఫీసులో, దేవుడి పటం పక్కన బీరువా మీద కూర్చుని నాలుగు వందల ఇళ్ళకు ఇంటర్నెట్ పంచిన పెద్ద రౌటర్‌ని. ఏ దేశంలో పుట్టానో నా మీద అచ్చువేసి ఉండేది. మొదటి రోజే కోటిలింగం దాని మీద పసుపు రాసి బొట్టు పెట్టాడు. అప్పటి నుంచి నేను పేటవాణ్ణే.

పుట్టినప్పుడు నాకు ఒకే విద్య వచ్చు: వచ్చినదాన్ని వచ్చిన వరుసలో పంపడం. లోపల సినిమా ఉందో, లెక్కల పాఠం ఉందో నాకు అనవసరం. మనుషులు దీన్ని తెలివితక్కువతనం అంటారు. నేను మర్యాద అనుకునేవాణ్ణి.

కోటిలింగానికి ఆ మర్యాద నచ్చలేదు. నెలలో ఎవరైనా హద్దు దాటి వాడితే వాళ్ళ వీడియోలను నత్తనడక నడిపించమన్నాడు. తన లోకల్ చానల్ పాటలు, వాటి మధ్య చీరల కొట్టు ప్రకటనలు మాత్రం పరుగెత్తాలి. పైగా ఇంకో కిటుకు. ఏ ఇంట్లోనైనా నెట్ వేగం కొలిచే స్పీడు టెస్టు పెడితే, అది నడిచే అర నిమిషమూ ఆ ఇంటికి గేటు బార్లా తెరవాలి. అంకె ఘనంగా కనబడుతుంది, జనం నోరు మూసుకుంటారు. ఆ అబద్ధాన్ని నేను చాలా శ్రద్ధగా ఆడాను.

"వీడియో అంటే విలాసం. మాట్లాడుకోటానికి ఫోన్ లేదా?" అనేవాడు కోటిలింగం.

చర్చి వెనక వీధిలో జాకెట్లు కుట్టే ప్రభుదాసుకూ, అతని భార్య సువార్తకూ పుట్టుకతోనే వినబడదు. చేతులతో మాట్లాడుకుంటారు. అక్షరాలు ఇద్దరికీ అంతంతమాత్రం. సువార్త కాన్పుకు మార్కాపురం పుట్టింటికి వెళ్ళింది. రోజూ భోజనాలయ్యాక వీడియోలో గంటసేపు కబుర్లు. ఇంకేముంది, హద్దు దాటింది. దాటిందని రికార్డు చేసిన గొంతుతో అతనికి మూడుసార్లు ఫోను వెళ్ళింది. వినిపించుకోలేదని కోటిలింగం విసుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ ఏమందో సువార్త చెబుతోంది. సరిగ్గా మధ్యలో నేను బిగబట్టాను. ఆమె చేతులు పొట్ట మీదికి వచ్చి అక్కడే ఆగిపోయాయి. ప్రభుదాసు చాలాసేపు కాల్ పెట్టెయ్యకుండా ఆ ఆగిన బొమ్మనే చూశాడు. తర్వాత బస్సెక్కి మార్కాపురం పోయాడు. తీరా వెళితే డాక్టరమ్మ అన్నది, బిడ్డ చక్కగా కదులుతోందని. తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

కోటిలింగం భార్య రాజ్యం జాకెట్టు రెండు రోజులు ఆలస్యమైంది కాబట్టి ఈ కథ ఆఫీసుకు చేరింది.

"వినపడని మనిషికి ఫోన్ చేసి చెప్పావంట, బుద్ధుందా? పోయి చూసిరా," అంది.

కోటిలింగం వెళ్ళాడు. అప్పుడూ సువార్త తెరమీద బిగుసుకుపోయే ఉంది. ఇతను తన ఫోను తీసి ఆ ఇంటి వైఫై మీద టెస్టు పెట్టాడు. నేను అలవాటు ప్రకారం గేటు తెరిచాను. "చూశావా, యాభై!" అని గట్టిగా అరిచాడట, అరిస్తే వినబడుతుందేమోనని. ప్రభుదాసు అంకె వైపు చూడలేదు. టెస్టు నడిచినంతసేపూ సువార్త చేతులు కదిలాయి, అది చూశాడు.

"నవ్వాడే! తృప్తిపడ్డాడు," అని కోటిలింగం ఆఫీసుకొచ్చి మురిసిపోయాడు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పాత ఫోనొకటి నిద్రలేచింది. వీడియో కాల్ నడిచినంతసేపూ అర నిమిషానికో టెస్టు. ఆడపిల్ల పుట్టాక టెస్టులు ఇంకా పెరిగాయి. మధ్యాహ్నం పూట ఆ ఒక్క ఇల్లే వీధి మొత్తానికి రావలసింది తాగేసేది. పక్కిళ్ళవాళ్ళు గోల పెట్టేసరికి కోటిలింగం నాలో లెక్క తీసి చూసి, చెప్పులేసుకుని ఊగిపోతూ వెళ్ళాడు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది రాజ్యం.

"రెండు చేతులూ మాటల్లో ఉన్నయ్యే. పాత ఫోన్ కింద పెట్టుకుని కాలి బొటనేలుతో నొక్కుతున్నాడు, మిషను తొక్కినట్టు. దానివంక చూట్లా కూడా."

"తిట్టావా?"

"ఏమని తిట్టేది? ఫోన్లోంచి వాళ్ళావిడ నన్ను చూసి చేతుల్తో ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాలా."

"అర్థమయ్యే ఉంటదిలే."

ఆ ఒక్క ఇంటికి హద్దు తీసేస్తానన్నాడు. "మిగతా వోళ్ళెవరు కాళ్ళతో నొక్కుతున్నారో ఇంటింటికీ పోయి చూసొస్తావా?" అంది రాజ్యం. కోటిలింగం గొణుక్కుంటూనే అందరికీ తీసేశాడు, టెస్టు కిటుకుతో సహా. చీరల కొట్టు ప్రకటన అందరి వెనకా వరుసలో నిలబడటం చూశాను. ప్రాణం లేచొచ్చింది.

ఆ వానాకాలం పిడుగుపాటుకు సగం మాడిపోయాను. ఇప్పుడు మెట్ల కింద పాత కేబుల్ చుట్టల మధ్య ఉన్నాను. నా చోట కొత్తది కూర్చుంది. నాకంటే తెలివైనదట. నాకదే భయం.

పిడుగుకు ముందే సువార్త పాపను తీసుకుని తిరిగొచ్చింది. ఆ ఇంట్లో ఇక వీడియోలతో పనిలేదు. అయినా రోజూ భోజనాలయ్యాక అక్కడి నుంచి ఒక్క టెస్టు వచ్చేది, నా మాట మీద నమ్మకం లేక. ఒకప్పుడు యాభై చూపించినవాణ్ణి. కిటుకు పోయాక ఉన్నదే చెప్పేవాణ్ణి: ఇరవై మూడు.