ఏ ఫిర్యాదూ లేకుండా

గోధుమ రవ్వ తడిపి కుస్కుస్ గింజలు చేసేటప్పుడు పని చేతులకే, నోటికి ఉండదు. అందుకే లాటిన్ విభక్తులన్నీ రవ్వ పళ్లెం ముందే బట్టీపట్టాను. నీళ్లు చిలకరించడం, అరచేత్తో గుండ్రంగా తిప్పడం, జల్లించడం. పెదవుల కింద ఒక్కో మాట చివర మార్చుకుంటూ పోవడం. "ఏంటే దలెండా ఆ సణుగుడు? రవ్వకి మంత్రం వేస్తున్నావా?" అనేది మా అత్తగారు షెద్లియా.

ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తర్వాత, ప్రాచీన చరిత్ర ఎం.ఏ.లో చేరాను. ఒకప్పుడు రోమన్లు ఏలిన మా ఊళ్లో మేకల్ని కట్టేసేది కూడా వాళ్ల స్తంభాలకే. వాటి మీద లాటిన్‌లో ఏం రాసుందో ఎవరినీ అడక్కుండా చదవాలని నా కోరిక. వారానికి రెండు రోజులు రాజధాని తునిస్‌లో క్లాసులకి వెళ్లాలంటే ముందురోజే రెండు పూటలకీ వండి, పిల్లల బట్టలు తీసిపెట్టి, నేను ఇంట్లో లేని లోటు తెలియకుండా చేయాలి. మా ఆయన లస్సాద్ హైస్కూల్లో చరిత్ర చెబుతాడు. "లాటిన్ రాకుండానే నేను పద్నాలుగేళ్లుగా పాఠం చెప్పట్లేదూ? చచ్చిన భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావ్?" అనేవాడు, నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాటకి జవాబు చెబితే గయ్యాళిననిపించుకునేది నేనే.

జూలైలో, గురువారం నా పరీక్ష. అదే రోజు ఏడాదికి సరిపడా కుస్కుస్ చేయడానికి అత్తగారు చుట్టాల్లో ఆడవాళ్లందర్నీ పిలిచింది. "పరీక్ష సెప్టెంబర్‌లో రాసుకోవచ్చు. అమ్మ అందరికీ చెప్పేసింది" అని తేల్చేశాడు లస్సాద్.

ఆదివారం అతని తోటి టీచర్లు ఇద్దరు భోజనానికొచ్చారు. మా వంటింటి గుమ్మం పక్క గోడలో అక్షరాలున్న రాయి ఒకటుంది. ఏటేటా సున్నం కొట్టీ కొట్టీ పూడిపోయింది. అది ఎవరో సేనాపతి సమాధి రాయని లస్సాద్ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. "మా ఇంట్లో పండితురాలుందిగా, చదివిస్తానుండండి" అన్నాడు ఆ రోజు, కోతిని ఆడించేవాడిలా. చేతిలోని గిన్నె కింద పెట్టి, కత్తితో సున్నం గీకాను. 'ముప్పై ఒక్క ఏళ్లు జీవించెను' అని ఉంది. లాటిన్‌లో ఆ క్రియని బట్టి మనిషి ఆడో మగో తెలియదు. కానీ కింద 'మిక్కిలి ప్రియమైన' అన్న మాట చివర స్త్రీలింగం స్పష్టంగా ఉంది.

"సేనాపతి కాదు. రొగాతుస్ అనే ఆయన తన భార్యకి పెట్టించిన రాయి. ఏ ఫిర్యాదూ లేకుండా తనతో కాపురం చేసిందట" అన్నాను.

వాళ్లు ఘొల్లున నవ్వారు. "చూశావా! పెళ్లామంటే అదీ! రెండువేల ఏళ్లకి కూడా చెప్పుకుంటున్నాం" అన్నాడు లస్సాద్. గిన్నె తీసుకుని లోపలికెళ్లాను. లోపల పొంగుతున్నది కోపమో, మొదటిసారి ఒక రాయి దానంతటది నాతో మాట్లాడిందన్న సంతోషమో నాకే తెలియలేదు.

అందరూ వెళ్లాక అత్తగారు వచ్చి ఆ అక్షరాల్ని వేలితో తడిమింది. ఆవిడకి ఏ అక్షరాలూ రావు.

"పేరేంటి ఈవిడది?"

"ఆ ముక్క విరిగిపోయిందమ్మా. ఆయన పేరొక్కటే మిగిలింది."

ఆ విరిగిన అంచు మీద వేలు ఆపింది. "ఫిర్యాదు లేదని ఆవిడ చెప్పిందా, ఆయన చెప్పాడా?"

"ఆయనే."

"మరే" అని వేలికంటిన సున్నం దులుపుకుని వెళ్లిపోయింది.

గురువారం పొద్దున్నే పళ్లేలు పరిచి, రవ్వ బస్తా విప్పిపెట్టి, సంచీ తగిలించుకుని బయటికొచ్చాను. లస్సాద్ అడ్డం వచ్చాడు. "ఎక్కడికి?"

"పరీక్షకి."

"మరి ఈ పని?"

"నీకు సెలవులేగా. జల్లించు."

అప్పటికే వచ్చి కూర్చున్న ఆడవాళ్లు అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ తల ఎత్తలేదు. జల్లెడ మాత్రం కొడుకు కాళ్ల దగ్గరకి జరిపింది.

తునిస్ వెళ్లే వ్యానులో నా పక్కన అంజూరపళ్ల బుట్టతో ఒకామె కూర్చుంది. ఒళ్లో పుస్తకం చూసి, "పిల్లల తల్లివి, ఇంకా చదువా! మీ ఆయన ఎంత మంచోడమ్మా, చదివిస్తున్నాడు" అంది.

"చదివించడం లేదక్కా" అన్నాను. "నేను చదువుకుంటున్నాను."