కోటు జేబులో చెయ్యి

మా ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. పోయినసారి ఇండియా నుంచి వస్తుంటే డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో తినే వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగారు. మాగాయ, గోంగూర, కందిపొడి అంటూ పేరుపేరునా అప్పజెప్పి, రెండు సూట్‌కేసులూ బల్ల మీద బోర్లా వేయించిన మహానుభావుడు మా చక్రపాణి. పోనీ ఎప్పుడైనా బలవంతాన అబద్ధం ఆడబోతే చెవులు ఎర్రబడిపోతాయి. అందుకే గెంట్‌లో ఆ కబురు తెలిసినప్పుడు, ఆయనకి చెప్పకూడదని నిర్ణయించుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

అది 2009 ఫిబ్రవరి. డెట్రాయిట్ పక్కన మేముండే నోవైలో ఏ ఇంటికి పోయినా లేఆఫ్‌ల మాటే. ఆయన పని చేసేది కార్లకి వైరింగ్ డిజైన్ చేసే కంపెనీలో. పదో పెళ్లిరోజుకి పారిస్ వెళ్దామని నేనంటే, బెల్జియంలో గెంట్ అని ఫ్లెమిష్ వాళ్ల పాత ఊరు ఉంది, అక్కడికి వెళ్దాం అన్నారు. నోవై లైబ్రరీ నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకంలో ఆ ఊరి కోటనీ నదినీ చూసి మనసు పారేసుకున్నారు. టికెట్లు ఎండాకాలంలోనే కొన్నాం, రద్దు చేసుకునే వీలు లేదు. బళ్లకి వారం సెలవలు కాబట్టి మా ఏడేళ్ల దేదీప్యని అవినాష్, మనీషా వాళ్లింట్లో దింపి శనివారం విమానం ఎక్కాం. అవినాష్‌ది మా ఆయన ఆఫీసే, టీమ్ వేరు.

సోమవారం సాయంత్రం ఊరంతా తిరిగొచ్చాక ఆయన స్నానానికి పైకి వెళ్లారు. పిల్లతో మాట్లాడదామని నేను హోటల్ లాబీలో ఫోన్ దగ్గర కూర్చున్నాను. నోవైలో అప్పుడు మధ్యాహ్నం. మనీషా ఫోన్ ఎత్తి, అక్కా అని ఆగిపోయింది. పిల్లకేమైనా అయిందా అని అడిగాను. భోజనానికి ఇంటికొచ్చిన అవినాష్ ఫోన్ అందుకున్నాడు. పొద్దున ఆఫీసులో లిస్ట్ వచ్చిందట, మా ఆయన పేరు అందులో ఉందట, మెయిల్ కూడా పంపేశారట.

"వదినా, అన్నకి అస్సల్ చెప్పకు. ఇమిగ్రేషన్ దాటేదాంక ఫోన్ ముట్టనియ్యకు. తెల్వకపోతే అబద్ధం చెప్పినట్టు కాదు గదా," అన్నాడు.

మా అమెరికా బతుకంతా ఆ ఉద్యోగానికి కట్టేసి ఉంది. అది ఉంటేనే ఆయన హెచ్-వన్ వీసా, ఆయనకి ఉంటేనే భార్యగా నా హెచ్-ఫోర్. దేశంలో ఉండగా పోతే ఏదో తంటాలు పడి ఇంకోటి వెతుక్కోవచ్చు. బయట ఉండగా పోతే ఏమవుతుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు, అందుకే అందరికీ భయం. ఎక్కడ పని చేస్తున్నావని ఆఫీసరు అడిగితే ఈ హరిశ్చంద్రుడు "మొన్నటిదాకా" అని మొదలుపెడతాడు. మమ్మల్ని అటునుంచి అటే తిప్పి పంపేస్తే పిల్ల నోవైలో, మేం ఎక్కడో. లాబీలో అద్దం ఉంది. మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చుకుని, పైకి వెళ్లాను.

ఆయన తల తుడుచుకుంటూ దేదీప్య ఏమంటోంది అని అడిగారు. ఇక్కడ బండి మీద అమ్మే ఊదారంగు మిఠాయిలు తెమ్మంటోందని చెప్పాను. నా చెవులు ఎర్రబడవు.

ఆఫీసు మెయిల్ వచ్చేది ఆయన బ్లాక్‌బెర్రీ ఫోన్‌లోనే, దాని బ్యాటరీ సగానికి దిగింది. మన ఛార్జర్ అక్కడి గోడలో పట్టదు, మధ్యలో అడాప్టర్ ఉండాలి. ఆయన షూ లేసులు కట్టుకుంటుండగా ఆ అడాప్టర్ తీసి, కాగితంలో చుట్టి, తెచ్చుకున్న కందిపొడి డబ్బాలో అడుక్కి తోసేశాను. ఇక ఆ ఫోన్ చచ్చేదాకా ఆయన్ని దాని మీద చెయ్యి వేయనివ్వకూడదు. ఆయన కోటు కుడిజేబులో ఉంటుంది అది. నాలుగడుగులకోసారి చెయ్యి అందులోకి పోవడం ఆయనకి అలవాటు.

ఆ రాత్రి తలనొప్పని చెప్పి తొందరగా దీపం ఆర్పించేశాను. మర్నాడు నది మీంచి గాలి మొహాన్ని కోసేస్తోంది. ఒడ్డునున్న పాత ఇళ్ల మెట్లమెట్ల కప్పులు చూపిస్తూ ఆయన ఉత్సాహంగా చెబుతున్నారు, ఏ ఇల్లు ధాన్యం వర్తకులది, ఏది పడవలవాళ్లది అని. నాకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్లడం చూసి, నా చెయ్యి కూడా అందులో దూర్చేశాను. ఆయన వేళ్లు ఫోన్ మీద ఉన్నాయి, వాటిని విడదీసి పట్టుకున్నాను. ఆయన తుళ్లిపడి, తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తున్నారేమోనన్నట్టు అటూ ఇటూ చూశారు. పెళ్లయిన పదేళ్లలో మేం రోడ్డు మీద చేతులు పట్టుకుని నడిచింది లేదు. చలి అన్నాను. గ్లవ్స్ ఉన్నాయిగా అన్నారు. చాలడం లేదన్నాను.

కోట ఎక్కాం, దిగాం. ఇరుకు మెట్ల మీద కూడా నేను చెయ్యి వదల్లేదు. ఆయన్ని చూస్తే జాలి, ఆ ఆఫీసు మీద మంట, అవినాష్ చెప్పిన ఉపాయం పారుతుందో లేదోనన్న గుబులు.

పెద్ద చర్చిలో, చెక్కపలకల మీద వేసిన వందల ఏళ్ల నాటి చిత్రం గాజు వెనక పెట్టి ఉంది. ఆయన దీని కోసమే వచ్చారు. దాని ముందు నిలబడి ఉండగా జేబులో ఫోన్ కొట్టుకుంది. మా ఇద్దరి చేతుల కిందా అది వణుకుతోంది.

"ఆఫీసేమో, ఒక్కసారి చూస్తానుండు," అన్నారు.

చర్చిలో ఫోన్ ఏమిటండీ అన్నాను, కావాలనే కాస్త గట్టిగా. కాపలా మనిషి మా వైపు చూశాడు. ఆయన నొచ్చుకుని, జేబులోనే బటన్ నొక్కి ఆపేశారు. తర్వాత గుసగుసగా చిత్రం కథ చెప్పారు. అడుగున ఎడమవైపు పలక 1934లో ఎవరో ఎత్తుకుపోయారట, ఇప్పటికీ దొరకలేదట, అక్కడున్నది నకలట. చూడు ఉమా, తేడా తెలుస్తోందా అని అడిగారు. తెలియడం లేదన్నాను. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

బయటికొచ్చాక పెద్దవాన పట్టుకుంది. హోటల్‌కి పోయి లాబీలో కంప్యూటర్‌లో మెయిల్ చూసుకుంటానన్నారు. కాఫీ తాగుదామని లాక్కెళ్లాను. కాఫీ అయ్యాక మిఠాయిల బండి వెతకాలన్నాను. బండి దొరికాక వంతెన మీద ఇంకాసేపు నిలబడదామన్నాను. వానలో వంతెన మీద నిలబడమనే భార్యని చూసి ఇంకొకరైతే అనుమానపడేవారు. ఈయన మురిసిపోయారు.

"ఉమా, ఈ పదేళ్లలో నువ్వు ఇంతసేపు నా చెయ్యి పట్టుకోలేదు. ఊరు బాగుందని రమ్మన్నాను గానీ, నాకు ఇది చాలు," అన్నారు.

చెయ్యి వెనక్కి తీసుకుందామనిపించింది. తీయలేకపోయాను. జేబులో ఫోన్ ఇంకా బతికే ఉంది.

సాయంత్రానికి అది చచ్చింది. అడాప్టర్ కోసం ఆయన మంచం కిందంతా వెతికి, పోనీలే, మెయిలూ అదీ ఇంటికెళ్లాకే చూసుకుంటానన్నారు.

మర్నాడు తిరుగు విమానం ఎక్కాం. డెట్రాయిట్‌లో ఇమిగ్రేషన్ లైన్ పొడుగ్గా ఉంది. మా వంతు వచ్చింది. ఆఫీసరు పాస్‌పోర్టులు తిరగేసి, ఇంకా అదే కంపెనీలో పని చేస్తున్నావా అని అడిగాడు. యెస్ సర్ అన్నారు ఈయన, తలెత్తి. ఆఫీసరు టైప్ చేస్తున్నవాడల్లా ఆగాడు. డెట్రాయిట్‌లో ఇప్పుడు రోజుకో కంపెనీ వాళ్లు వీధిన పడుతున్నారు, నీ ఉద్యోగం భద్రంగానే ఉందా అన్నాడు.

"శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చినప్పుడైతే ఉంది," అని నవ్వారు ఈయన ఇంగ్లీషులో.

ఆఫీసరు నవ్వలేదు. నా వైపు తిరిగి, ట్రిప్ ఎలా ఉందమ్మా అన్నాడు. చలి అన్నాను. నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత స్టాంపులు గుద్ది పాస్‌పోర్టులు తోశాడు. నేను ఆయన చెవుల కేసి చూశాను. మామూలుగా ఉన్నాయి.

సూట్‌కేసుల బెల్ట్ దగ్గర ఇక ఆపుకోలేకపోయాను.

"మీ ఉద్యోగం పోయిందండీ. సోమవారమే. అవినాష్ చెప్పాడు."

ఆయన బెల్ట్ వైపే చూస్తూ ఉండిపోయారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే ఎదురు అరవడానికి నా దగ్గర బోలెడు సిద్ధంగా ఉంది, పిల్ల గురించి, ఇంటి గురించి, ఆయన సత్యసంధత గురించి. మా ఎర్ర సూట్‌కేసు మా ముందు నుంచే వెళ్లిపోయింది. ఇద్దరం తీయలేదు.

"గెంట్‌లో చెయ్యి పట్టుకుంది ఫోన్ కోసమేనా?" అన్నారు.

"మొదట ఫోన్ కోసమే."

ఆయన తిరిగి నా చెవుల కేసి చూశారు. అవి ఎప్పుడూ ఎర్రబడవు. నేను చెప్పింది నిజమో కాదో తేల్చుకునే దారి ఆయనకి లేదు. కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని నిలబడ్డారు. నేనూ నా చెయ్యి అందులో పెట్టాను. ఆయన తీయమనలేదు. పట్టుకోనూ లేదు.