గుండ్రంగా వేసిన కుర్చీలు

"అమ్మా, నువ్వేటి అనుకుంటన్నావు?"

అప్పడాల పిండి దంచుతున్న ఈశ్వరి చేతిలో రోకలి ఆగిపోయింది. అడిగింది కూతురు సౌందర్య. అడిగిన సంగతి పెద్దదేం కాదు. ఎదురింటి జయలక్ష్మి చేత మొగుడు ఉద్యోగం మానిపించాడు, అది సబబేనా అని. ఈ ఇంట్లో ఆమెని చాలా అడుగుతారు. కూరేటి అని అడుగుతారు, పిండి తడిపావా అని అడుగుతారు, నా బనీను ఎక్కడెట్టావని అడుగుతారు. నువ్వేమనుకుంటున్నావని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

"ఏటనుకుంటాను, నా బొంద. ఆ నూని గిన్ని ఇటియ్యి" అంది.

సౌందర్య గిన్నె అందించి, గడప మీద కాళ్లు చాపుకుని మళ్లీ పుస్తకంలో పడింది. చదువుతూ చదువుతూ తనలో తనే నవ్వుకుంది. ఆ నవ్వు చూసి ఈశ్వరి రోకలి మళ్లీ ఎత్తి, పిండి మీద పడవలసిన దానికన్నా గట్టిగా వేసింది.

బరంపురం బడా బజార్లో ఈశ్వరి మొగుడు ప్రకాష్‌ది అప్పడాల దుకాణం. బోర్డు మీద చనిపోయిన మామగారి పేరు, గల్లాపెట్టె ముందు ప్రకాష్. పిండి దంచి, ఉండలు చేసి, ఒత్తి, డాబా మీద ఆరేసేది ఈశ్వరి. సాయానికి వచ్చే ముత్యాలుకి కూలి ఉంది, ఆదివారం సెలవుంది. ఈశ్వరికి పెళ్లయింది కాబట్టి అవేవీ లేవు. మొన్న చందనోత్సవంనాడు ఎవరో చుట్టాలు "మీ ఆవిడేటి సేస్తారు?" అని అడిగితే, ప్రకాష్ అరక్షణం కూడా ఆలోచించకుండా "ఏటీ సెయ్యదండి, ఇంటికాడే ఉంటాది" అన్నాడు. ఆ పూట వాళ్లకి ఆమె ఒత్తిన అప్పడాలే వేయించి పెట్టారు.

సౌందర్య చదివేది భువనేశ్వర్ అవతల ఫాదర్లు నడిపే కేథలిక్ యూనివర్సిటీలో. స్కాలర్‌షిప్ ఇచ్చి పిలిచారు కాబట్టి వెళ్లనిచ్చారు. తత్వశాస్త్రం, చరిత్ర, సాహిత్యం అన్నీ కలిపి ఒకటే బీఏ. అత్తగారు చిట్టమ్మకి ఈ చదువు మొదట్నుంచీ గిట్టలేదు. "ఇంజినీరు కాదు, నర్సమ్మా కాదు. మూడేళ్లు సదివి ఏటవుతాదంట?" అని ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ దీర్ఘాలు తీసేది. పైగా దీపాలవేళ సౌందర్య ఓ మూల కళ్లు మూసుకుని కూర్చుంటోంది. "ఏసుపెబువుని తలస్తన్నాదిరా, గుంట మనకి దక్కదు" అని ముసలమ్మ కొడుకు దగ్గర గోల పెట్టింది. "కాదు నానమ్మా, రోజంతా ఏటి సేసేనో, ఎవుల్ని కష్టపెట్టేనో నెమరేసుకోడం. అక్కడందరికీ అలవాటు సేస్తారు" అని సౌందర్య నవ్వింది.

ఈశ్వరికి అనుమానాల్లేవు. ఆమెకున్నది అసూయ. కూతురంటే ప్రాణమే. అయినా కూతుర్ని చూస్తే కడుపు మండిపోతుంది. ఇలా మండడం తల్లికి తగునా అని మొదట సిగ్గుపడింది, తర్వాత ఆ సిగ్గూ పోయింది. ఆ పిల్ల గోళ్లలో పిండి లేదని మంట. మేనమామ కొండలు ఏదో అడిగితే "తెలీదు మావయ్యా, ఆలోచించాలి" అని తలెత్తి చెప్పిందని మంట. తెలీదనడానికి కూడా చదువు కావాలి కాబోలు. ఈశ్వరికి తెలీదంటే తెలివితక్కువ, తెలుసంటే పొగరు. అన్నిటికన్నా ఆ కుర్చీల సంగతి మరీను. అక్కడ క్లాసులో కుర్చీలు గుండ్రంగా వేస్తారట. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడకూడదట. మాట అయిపోయాక కూడా వెంటనే అందుకోకుండా కాసేపు ఆగుతారట, ఇంకేమైనా మిగిలిందేమోనని. సిస్టర్ పాఠం చెబుతున్నా అదే పద్ధతట. ఆ సంగతి విన్న రోజు ఈశ్వరికి అన్నం సహించలేదు.

నిన్న డాబా మీద అప్పడాలు తిప్పేసి దిగుతూ, మంచం మీదున్న ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషు. సగం అర్థమైంది, సగం కాలేదు. ఎవరో పెద్దాయన ఆడది ఎలా ఉంటే ఇల్లు చల్లగా ఉంటుందో రాశాడు. ఆ పక్కన అంచులో పెన్సిలుతో సౌందర్య చేతిరాత. నేను ఒప్పుకోను, అని. ఈశ్వరి ఆ మాట మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకున్న పిల్ల తను. తన కడుపున పుట్టింది పుస్తకానికే ఎదురు చెప్పింది, దాన్ని ఎవరూ కొట్టలేదు.

తనకీ సీటొచ్చింది. ఈ ఊళ్లోనే నన్‌ల బడిలో ప్లస్ టూ అయ్యాక, వాళ్ల కాలేజీలోనే చరిత్ర చదువుకోమని అక్కడి సిస్టర్ ఇంటికొచ్చి మరీ చెప్పింది. ఆ నెలలోనే పెళ్లి కుదిరింది. "పెళ్లయ్యాక సదివించుకుంటాం" అన్నారు అత్తింటివాళ్లు. చదివించబోమని ఎవరూ అనలేదు. ఆ ఊసే మళ్లీ ఎత్తలేదు, అంతే. పెళ్లి పదహారు రోజుల పండగ అయ్యాక చిట్టమ్మ ఆమె చేతికి అప్పడాల కర్ర ఇచ్చింది.

మధ్యాహ్నం దుకాణం మూసి ప్రకాష్ భోజనానికొచ్చాడు. పీట మీద కూర్చుంటూనే మొదలెట్టాడు.

"ఇప్పుడు ఆర్డర్లన్నీ ఫోన్‌లోనే ఒస్తన్నాయి. కటక్ నుంచి, వైజాగ్ నుంచి. ఇంగ్లీషులో, ఒడియాలో మాటాడే మనిషి కావాల. సౌందర్య ఇక్కడే ఉంటాది. బీకాం ఈ ఊళ్లో సదూకుంటాది, మిగతా టైములో దుకాణం పని సూసుకుంటాది."

"బాగా సెప్పావురా నాయనా" అంది చిట్టమ్మ.

"నాన్నా, నాకింకో యేడాది ఉంది. సోమారం ఎల్లిపోవాల" అంది సౌందర్య.

"ఎల్లి ఏటి సేస్తావు? మీ యమ్మ కూడా ఇదే అనుకుంటంది. కావాలంటే అడుగు."

ఈశ్వరి చారు వడ్డిస్తోంది. ఆయనెప్పుడూ ఆమెని అడగలేదు. అడక్కుండానే ఆమె అనుకునేవి ఆయనకి తెలిసిపోతుంటాయి. కానీ ఈసారి తప్పు చెప్పలేదు, అదే చిత్రం. పొద్దుట్నుంచీ ఆమె మనసులో ఆ మాటే తిరుగుతోంది. పిల్ల ఇక్కడే ఉంటే పనికి ఇంకో రెండు చేతులు. ఇంకెవరూ గడప మీద కూర్చుని నవ్వరు. కుర్చీలుండవు, పెన్సిలుండదు. అందరం పీటల మీదే.

"అమ్మా, నిజవేనా?" సౌందర్య తల్లి వైపు తిరిగింది.

"ఆగిపోతే ఏటైపోతాదే?" అంది ఈశ్వరి. ఆ గొంతు తనదని ఆమెకే అనిపించలేదు. అచ్చం చిట్టమ్మ గొంతు. "నాను ఆగిపోనేదా?"

"అదీ మాటంటే" అని ప్రకాష్ ముద్ద కలిపాడు.

సౌందర్య ఏడవలేదు, అరవలేదు. తల్లి ముఖంలోకి చూస్తూ ఊరుకుంది. ఈశ్వరి చారు గిన్నె కింద పెట్టింది. ఇంకా ఊరుకునే ఉంది పిల్ల. అప్పుడు అర్థమైంది ఈశ్వరికి. అది అలగలేదు. ఆగింది. అమ్మ మాట ఇంకా అవలేదేమోనని చూస్తోంది. ఇన్నేళ్లలో తన మాట పూర్తయ్యే దాకా ఎవరూ ఆగలేదు, అందుకే తన ప్రతి మాటా మొదటి సగం దగ్గరే ముగిసిపోయేది. రెండో సగం ఉంటుందనే మర్చిపోయింది.

"ఆగిపోయేను" అంది మళ్లీ, ఈసారి మెల్లగా. "ఆగిపోయి ఏటయ్యేనో తెల్సా? కన్న కూతురు పుస్తకం సదూకుంటే ఓర్సుకోలేని దాన్నయ్యేను. నువ్వు నవ్వితే నాకు మండుతాది. నిన్ను పీట మీద కూలెయ్యాలని పొద్దుట్నుంచీ సూస్తన్నాను. ఈ మంట నాకెక్కడిదనుకున్నావు? నాకు కర్ర ఇచ్చిననాడు మీ నానమ్మ మొకంలో సూసేను. ఆవిడికెవులిచ్చేరో మరి."

చిట్టమ్మ కొంగు సర్దుకుంది.

"నువ్వెల్లు. నువ్వు కూడా ఆగిపోతే రేప్పొద్దున్న నీ కూతుర్ని సూసి ఇలాగే ఏడుస్తావు."

"పిచ్చెక్కిందేటే నీకు?" అన్నాడు ప్రకాష్. "ఆ సదువు కూడెడతాదా?"

"నాను ఇన్నాళ్లూ కూడే ఎడతన్నాను. ఏటీ సెయ్యదన్నారు గదా" అంది ఈశ్వరి. కూతురి వైపు తిరిగింది. "సోమారం నానూ ఒస్తాను. హాస్టల్లో నీ సామాను దింపేసి, ఆ గుండ్రంగా ఏసిన కుర్చీలు ఓసారి సూస్తాను. ఖాళీగా ఉంటే కాసేపు కూకుంటాను."

సౌందర్య కళ్లు తుడుచుకుని నవ్వింది. ఈశ్వరికి మళ్లీ మండింది. ఆ మంట అంత తేలిగ్గా పోదు. పోకపోయినా ఫర్వాలేదనుకుంది, రైలెక్కడానికి అదేమీ అడ్డం కాదు.

ప్రకాష్‌కి అసలు చిక్కు ఇప్పుడు తట్టింది. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మరి సోమారం పిండి ఎవులు దంచుతారు?"

మామూలుగా అయితే ఈశ్వరి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆదివారమే దంచేసి తడిగుడ్డ కప్పి ఉంచుతాననేది, ముత్యాలుని బతిమాలతాననేది. ఇప్పుడు ఆమె పీట వాల్చుకుని మొగుడికి ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మీరేటి అనుకుంటన్నారు?" అని అడిగి, జవాబు కోసం ఆగింది.