గొంతులో పళ్ళున్న చేపలు

చారల చేపకి నోట్లో పళ్ళుండవు. గొంతులో ఉంటాయి. ఊడితే మళ్ళీ మొలుస్తాయి, బతికినన్నాళ్ళూ. పళ్ళ కాలేజీవాళ్ళు దాన్ని పెంచేది అందుకే. మేత వేసేదీ నీళ్ళు మార్చేదీ నేను.

"నోట్లో పళ్ళు లేనిదానికి పళ్ళ డాక్టర్లా! నీకూ ముందువి రెండూ పోయాయిగా మెత్వల్లీ, నిన్నూ తొట్టిలో వేస్తారు చూడు" అంటాడు గేటు దగ్గర కాపలా ఉండే బయ్యూమి.

డాక్టర్ రావియా పసిపిల్లల పుచ్చుపళ్ళలో నింపే ముద్ద ఒకటి మూడేళ్ళుగా తయారుచేస్తోంది. అది నానిన నీళ్ళలో చేపపిల్లలు బతకాలి. బతికితేనే ఆ ముద్ద ముందుకి పోతుంది. రెండు వరసల గిన్నెలు పెట్టింది. మొదటిది ఉత్త నీళ్ళు, రెండోది ముద్ద నానిన నీళ్ళు. చేపపిల్లలు వెంట్రుకంత సన్నం, ఒళ్ళంతా గాజు. భూతద్దం కింద గుండె కొట్టుకోవడం కనపడుతుంది.

సోమవారం షమ్ అన్నసీం, మా దేశమంతా చేసుకునే వసంతం పండగ. ఊరంతా కాలవగట్ల మీది పచ్చికకి పోయింది. చేపలకి పండగ లేదు గనక నేను వచ్చాను. మొదటి వరసకి నీళ్ళు మార్చేసరికి బయ్యూమి కేకేశాడు.

"రావోయ్! మా ఆవిడ ఫెసీఖ్ కట్టిచ్చింది. చేపల్ని మేపడం తర్వాత, ముందు చేపని తిను."

ఉప్పులో మాగేసిన చేప, ఆ పండగకి తప్పని తిండి. ఉల్లికాడలతో తిన్నాం. ఆ కంపు సబ్బుకి లొంగదు. బయ్యూమి నిమ్మ సెంటు సీసా తీసి నా అరచేతుల్లో ఒంపాడు. మోచేతులదాకా రుద్దుకుని వెళ్ళి రెండో వరస మార్చాను. చేతులకి తొడుగులు వేసుకోమని గోడమీద రాసుంది. వేసుకుంటే నీళ్ళు తోడే గొట్టం పట్టు తెలీదు నాకు. వేళ్ళు నీళ్ళలో మునిగాయి.

మంగళవారం పొద్దున రెండో వరసలో ఒక్కటీ కదల్లేదు.

రావియా భూతద్దం మీద చాలాసేపు వంగి ఉండి లేచింది. "మూడేళ్ళు కూర్చుని విషం చేశాను బాబాయ్."

"ఇంకోసారి చూడమ్మా."

"చూసేదేముంది? అవి ఈదుతున్నాయి, ఇవి చచ్చాయి. పదకొండింటికి ప్రొఫెసరు గారొస్తారు. ఇక్కడితో ఆపెయ్యమంటారు. ఆపెయ్యాలి కూడా."

నేను గుడ్డ తీసుకుని తొట్ల అద్దాలు తుడిచాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను. మావైపు చెరువుల్లో చేప చస్తే ముందు నీళ్ళు చూస్తాం, తర్వాత మేత, ఆఖరికి మనిషిని. మనిషి దగ్గరికి వచ్చేసరికి పది దాటింది.

"డాక్టరమ్మా, నిన్న ఫెసీఖ్ తిన్నాను."

"ఒంటికి పట్టాలి. నాకెందుకు చెబుతున్నావు?"

"మొదటి వరస తినకముందు మార్చాను. రెండోది తిన్నాక."

ఆవిడ కూడా ఈ దేశంలోనే పుట్టింది. ఫెసీఖ్ తిన్న చెయ్యి తర్వాత దేన్ని అడుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నిమ్మ సెంటు" అంది. "తొడుగులు?"

"లేవు."

"ఈ మాట ఆయన ముందు చెబితే నిన్నీ గదిలో ఉంచరు బాబాయ్."

"చెప్పకపోతే నిన్ను ఉంచరుగా."

ప్రొఫెసరు మొత్తం విన్నాడు. "పెద్దాయన మాట నమ్మి పసివాళ్ళ నోట్లో ముద్ద పెట్టలేం. రుజువు చూపించండి" అన్నాడు.

రావియా ఆ రోజే కొత్త చేపపిల్లలతో ఈసారి మూడు వరసలు పెట్టింది. మూడోది ఉత్త నీళ్ళే, సెంటు రాసుకున్న చెయ్యి ముంచాలి. తాను ముంచుతానంది. నేను ఒప్పుకోలేదు. నిన్న ఏ చెయ్యి పడిందో ఆ చెయ్యే పడాలి. నిన్న తెలియక ముంచాను, ఇవాళ తెలిసి ముంచాను. ముంచేటప్పటికి అన్నిటి గుండెలూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

మర్నాటికి మూడో వరస చచ్చింది. ముద్ద నానిన రెండోది ఈదుతోంది. రావియా గోడవైపు తిరిగి ఏడ్చింది.

నన్ను మెట్లు తుడిచే పనిలో వేశారు. అది న్యాయమే, నాకు బాధ లేదు. కాని ఆ పొద్దున మూడో వరస వెల్లకిలా తేలి ఉండటం చూసి నాకు సంతోషం వేసింది. చేపలు చచ్చినందుకు సంతోషపడ్డాను. ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.