చుట్టింటికి సిమెంటు పూత

మాది చుట్టిల్లు. మట్టిగోడ, తాటాకు కప్పు, గొడుగేసిన గాదెలా గుండ్రంగా ఉంటుంది. మా తాత నాన్న కట్టాడంట. "గాలికి పట్టుకోడానికి మూల దొరకదే" అనేది మా నానమ్మ. ఎన్ని తుఫాన్లకి కప్పు ఎగిరినా గోడ మాత్రం కదల్లేదు.

ఆ గోడకి ఏటా పూత పెట్టాలి. పుట్టమన్ను, ఊక, పేడ కలిపి రెండు రోజులు నానబెట్టి కాళ్లతో తొక్కాలి. అమ్మ పోయిన ఏడు నేను ఆరో తరగతి. ఆ పని నా చేతికొచ్చింది, బడి పోయింది. బడి పోయిందని ఏడ్చాను గానీ, తడి గోడ మీద అరచెయ్యి జారుతుంటే వచ్చే ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

ఇప్పుడు నేను బహ్రెయిన్‌లో, అద్లియా అనే పేటలో ఒకరింట్లో పనిచేస్తాను. నా కూతురు సాయికుమారికి నాలుగేళ్లు. ఊళ్లో ఆ చుట్టింట్లోనే మా అన్న జగ్గారావు, వదిన దాన్ని చూసుకుంటారు. తుఫానని ఫోన్లో కనబడితే చాలు, నాకు ముద్ద దిగదు. అందుకే ఈ ఏడు పట్టుబట్టాను.

"అన్నా, మట్టొద్దు. బయట చుట్టూ సిమెంటు పూయించెయ్."

"బహ్రెయిన్ నీళ్లు తాగి ఇంజినీరువైపోనావేటే?" అని నవ్వాడు. అయినా పూయించాడు. వీడియోలో బూడిదరంగు గోడ చూసి గుండె కుదుటపడింది.

పది రోజుల తర్వాత శుక్రవారం, మా ఆయన సోమరాజు హిద్‌లోని కూలీల క్యాంపు నుంచి వచ్చాడు. తాపీపని ఆయనది. రోడ్డు పక్క బెంచీ మీద టీ తాగుతూ చెప్పాడు.

"ఈ వారమంతా ఏం చేశానో తెలుసా? ఇక్కడి పాతకాలం ఇంటికి ఎవరో పూసిన సిమెంటు ఊడగొట్టడమే. లోపల మట్టంతా బురద. నేల్లోంచి ఎక్కిన తడి పోయే దారేది? సిమెంటు పూయకపోతే ఇంకో వందేళ్లుండేదన్నాడు మా మేస్త్రీ."

నేను టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాను.

"మనింటికీ పూయించేశానయ్యా."

"ముందు మీ అన్నకి ఫోన్ చెయ్" అన్నాడు ఆయన. అక్కడే వీడియో కాల్ చేసి, సిమెంటు పీకెయ్యమన్నాను.

"నీకేటి పిచ్చా? పూయమన్నదీ నువ్వే, పీకమన్నదీ నువ్వేనా?" అని అరిచాడు.

వెనక నుంచి వదిన అందుకుంది. "లోపల గోడకి చెయ్యానిస్తే తడి తగుల్తుందని నేను మొత్తుకోలేదా? నా మాటంటే లెక్కేటి నీకు!"

అన్న గొణుక్కుంటూ ఉలి, సుత్తి తెచ్చాడు. మూడో దెబ్బకి సిమెంటు పెచ్చు ఊడింది. దాంతో పాటు తడిసిన మట్టి పెళ్ల కూడా జారింది. "దగ్గరగా చూపించన్నా" అన్నాను. పెళ్ల ఊడిన చోట పొరలు పొరలుగా పూతలు. కిందివి ఎర్రగా, పైవి కాస్త తెల్లగా. నానమ్మవి, అమ్మవి, నావి, వదినవి. ఏది ఎవరిదో తెలీదు. మధ్యలో ఒక పొర మీద వేళ్ల చారలు మాత్రం సన్నగా ఉన్నాయి, చిన్నపిల్ల వేళ్లు.

ఏడుపాపుకుని అన్నాను, "వదినా, సిమెంటంతా తీయించి మళ్లీ మట్టే పెట్టండి. ఊక కొంచెం ఎక్కువెయ్యి. గోడ ఆరేదాకా పాపని పక్కింటి సత్యశ్రీ అక్క స్లాబింట్లో పడుకోబెట్టు."

"నీ భయం చల్లగుండ! రాత్రుళ్లు అక్కడే పడుకోబెడతాను. పగలు మాత్రం దాన్ని పంపను, మట్టి తొక్కడానికి నాకు మనిషి కావాలి" అంది వదిన.